ఏబీఎస్ చేసే పని, చేయని పని
(ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి కొత్తగా విడుదలైన కారు మోడళ్లకూ, 2019 ఏప్రిల్ నుంచి అప్పటికే అమ్మకంలో ఉన్న మోడళ్లకూ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు తిరగడం పూర్తిగా ఆగి లాక్ అయిపోకుండా చూసే యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమ్, తప్పనిసరి అయింది. కాబట్టి ఆ తర్వాత మీరు షోరూములో కొన్న కారు ఎంత చిన్నదైనా అందులో ఏబీఎస్ ఉంటుంది. అయితే అది ఏం చేస్తుందని అడిగితే చాలామంది ఠక్కున చెప్పే జవాబు ఒక్కటే: బ్రేకు వేయగానే కారు త్వరగా ఆగుతుంది. ఈ జవాబులో నిజం కొంతే ఉంది, ఉన్న ఆ కొంత నిజం కూడా అన్ని రోడ్ల మీదా వర్తించదు. ఆ నమ్మకంతో ముందు బండికి మరింత దగ్గరగా నడిపేవాళ్లు ఉన్నారు కాబట్టి దీన్ని చిన్న పొరపాటుగా వదిలేయడానికి లేదు. ఏబీఎస్ ప్రధానంగా దూరాన్ని తగ్గించడానికి పుట్టిన ఏర్పాటు కాదు; గట్టిగా బ్రేకు వేసిన స్థితిలో కూడా స్టీరింగు మన మాట వినేలా చూడటానికి పుట్టిన ఏర్పాటు. నేను చెప్పబోయే మిగతా సంగతులన్నీ ఈ ఒక్క విషయం నుంచే వస్తాయి.

ముందుగా టైరు దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. బ్రేకు చక్రాన్ని మాత్రమే ఆపుతుంది. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. కారు బరువంతా నాలుగు టైర్లు రోడ్డును తాకే నాలుగు చిన్న జాగాల మీద ఉంటుంది, ఒక్కో జాగా మన అరచేతికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పెడల్ నొక్కినకొద్దీ చక్రం తిరిగే వేగం, కారు ముందుకు పోయే వేగం కన్నా కొంచెం వెనకబడుతుంది. ఈ తేడాను ఇంజనీర్లు స్లిప్ అంటారు. పొడి తారు రోడ్డు మీద ఇది సుమారు 10 నుంచి 20 శాతం దాకా ఉన్నప్పుడు టైరుకు గరిష్ఠమైన పట్టు దొరుకుతుంది. అక్కడి నుంచి ఇంకా గట్టిగా నొక్కితే పట్టు పెరగకపోగా తగ్గడం మొదలవుతుంది. చూస్తుండగానే చక్రం పూర్తిగా ఆగిపోయి, కారు మాత్రం దాన్ని ఈడ్చుకుంటూ ముందుకు పోతుంది. పాచి పట్టిన నూతి గట్టు మీద అడుగు నిలిచినంతసేపు నడవగలం గానీ ఒకసారి జారడం మొదలైతే నిలదొక్కుకోలేము కదా, టైరు సంగతీ అంతే.

ఇంతవరకు చెప్పింది ముందుకూ వెనక్కూ పనిచేసే పట్టు గురించి. పక్కకు పనిచేసే పట్టు ఇంతకన్నా ముఖ్యం. తిరుగుతున్న చక్రాన్ని ఎడమకు తిప్పితే కారు ఎడమకు పోతుంది. తిరగడం ఆగి జారుతున్న టైరు ఎటు చూస్తున్నదన్నది రోడ్డుకు పట్టదు. అందువల్ల ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగు చివరి దాకా తిప్పినా కారు తిన్నగానే పోతుంది. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి వెనక భాగం పక్కకు విసురుకొచ్చి, కారు అడ్డం తిరుగుతుంది. రాత్రిపూట హైదరాబాద్–విజయవాడ రహదారి మీద వెళ్తుండగా, వెనక లైటు గానీ రిఫ్లెక్టరు గానీ లేని ట్రాక్టర్ ట్రాలీ ఒక్కసారిగా మన డిమ్ లైటు వెలుగులోకి వచ్చిందనుకోండి. ఏబీఎస్ లేని కారులో శక్తికొద్దీ బ్రేకు తొక్కినవాడికి పక్క లేను ఖాళీగా ఉన్నట్టు కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. కారు మాత్రం టైర్లు కీచుమంటూ ట్రాలీ వైపే పోతుంది. ఏబీఎస్ ఉన్న కారులో పెడల్ మీది కాలు తీయకుండానే స్టీరింగు కొద్దిగా తిప్పి, పక్క లేనులోకి తప్పుకునే అవకాశం మిగులుతుంది. అది అవకాశం మాత్రమే, దాన్ని వాడుకోవడం నడిపేవాడి చేతిలో ఉంది.

ఈ పని యంత్రం ఎలా చేస్తుందో కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే పెడల్ మీద పాదానికి తగిలే అనుభవం అర్థం కావాలంటే ఇది తెలియాలి. ప్రతి చక్రం దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది; చక్రంతో పాటు తిరిగే పళ్ల వలయాన్నో అయస్కాంత వలయాన్నో గమనిస్తూ ఆ చక్రం వేగాన్ని ఎడతెరిపి లేకుండా కంట్రోల్ యూనిట్ అనే చిన్న కంప్యూటరుకు పంపుతుంది. బానెట్ ఎత్తి చూస్తే, పెడల్ తొక్కుడును బ్రేక్ ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ నుంచి బయలుదేరిన సన్నటి లోహపు గొట్టాలు ఒక అల్యూమినియం దిమ్మలోకి వెళ్లి, అక్కడి నుంచి నాలుగు చక్రాలకూ విడిపోవడం కనిపిస్తుంది. ఆ దిమ్మలో చక్రానికి రెండు చొప్పున ఎనిమిది వాల్వులు, ఒక చిన్న మోటారు పంపు ఉంటాయి. మీరు గట్టిగా నొక్కినప్పుడు ఒక చక్రం అసహజమైన వేగంతో మందగిస్తే, అది లాక్ కాబోతున్నదని కంట్రోల్ యూనిట్ గ్రహించి, ఆ చక్రానికి వెళ్లే దారిని మొదటి వాల్వుతో మూస్తుంది. అప్పటికీ చక్రం కోలుకోకపోతే రెండో వాల్వు తెరిచి అక్కడి బ్రేక్ ఆయిల్ ఒత్తిడిని కొంత వదిలేస్తుంది. చక్రం మళ్లీ తిరుగుడు అందుకోగానే ఒత్తిడి తిరిగి ఎక్కుతుంది. ఇదంతా సెకనుకు పది, పదిహేను సార్ల దాకా జరుగుతుంది, ఏ చక్రానికి ఆ చక్రం లెక్కగా జరుగుతుంది. ఎంత నేర్పున్న డ్రైవరైనా ఒకే పెడల్‌తో నాలుగు చక్రాలకు నాలుగు రకాల ఒత్తిడి ఇవ్వలేడు.

వదిలేసిన ఆయిల్‌ను పంపు వెనక్కి నెట్టేటప్పుడు ఆ తోపు నేరుగా మీ పాదానికి తగులుతుంది. పెడల్ దడదడలాడుతుంది, కింద నుంచి గరగరమనే శబ్దం వస్తుంది, కొన్ని కార్లలో పెడల్ కొద్దిగా పైకి తన్నినట్టు కూడా ఉంటుంది. ముందుగా తెలియనివాళ్లు ఏదో విరిగిందనుకొని కాలు వదిలేస్తారు. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో, బ్రేకు అత్యంత సమర్థంగా పనిచేస్తున్న సమయంలో, బ్రేకు వదిలేయడం అన్నమాట. పాత లారీలు, అంబాసిడర్లు నడిపిన తరానికి ఇంకో అలవాటు ఉంది: తడి రోడ్డు మీద బ్రేకును ఒక్కసారిగా తొక్కకుండా కొట్టి వదిలి, కొట్టి వదిలి ఆపడం. ఆ బండ్లకు అది సరైన పద్ధతే, మంచి గురువులు నేర్పినదే. ఏబీఎస్ ఉన్న కారులో అలా పంపింగ్ చేస్తే, యంత్రం తీసుకోవలసిన ఒత్తిడిని మనమే మధ్యమధ్యలో తీసేసినట్టవుతుంది. గట్టిగా తొక్కాలి, తొక్కిపెట్టే ఉంచాలి, చూపును ఢీకొట్టబోయే వస్తువు మీద కాక తప్పుకోవలసిన ఖాళీ మీద పెట్టి తిప్పాలి.

తొక్కమంటే ఎంత గట్టిగా? మనం రోజూ వేసే బ్రేకుకూ దీనికీ పోలిక లేదు. 1990ల మొదట్లో మెర్సిడెస్ బెంజ్ వాళ్లు డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో మామూలు డ్రైవర్లను పరిశీలించినప్పుడు, ఆపదలో చాలామంది పెడల్‌ను వేగంగానే తొక్కుతున్నారు గానీ చాలినంత బలంగా తొక్కడం లేదని తేలింది. దాని ఫలితమే 1996లో వచ్చిన బ్రేక్ అసిస్ట్. పెడల్ కిందికి పోయిన వేగాన్ని బట్టి ఇది ఆపద అని పసిగట్టి, మిగతా బలాన్ని అదే జోడిస్తుంది. మీ కారులో అది ఉన్నా లేకపోయినా, సీటును తగినంత ముందుకు జరుపుకోవడం మీ చేతిలో ఉంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండాలి. కాలు చాపి, వెనక్కి వాలి కూర్చునేవారికి ఆ బలం రాదు. డ్రైవర్ సీటు దగ్గర నీళ్ల సీసా పడేయకండి. అది దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే ఏ ఎలక్ట్రానిక్స్ కూడా ఆదుకోలేదు.

లైసెన్సు పరీక్షలో ఎనిమిది తిప్పమంటారు, రివర్సు చేయమంటారు. ఒక్కసారైనా పూర్తి బలంతో బ్రేకు తొక్కించి చూడటం మాత్రం మన దగ్గర అలవాటులో లేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోపం. వాన వెలిసిన తర్వాత మనుషులు, బండ్లు లేని వెడల్పాటి సిమెంటు ఆవరణ దొరికితే, యజమాని అనుమతి తీసుకొని, బెల్టు పెట్టుకొని, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉండగా ఒకసారి బలంగా తొక్కి చూడండి. ఆ దడదడ పాదానికి ఒకసారి పరిచయమైతే, నిజంగా అవసరం వచ్చిన రోజున కాలు బెదరదు.

ఈ ఏర్పాటు పుట్టుక గురించి రెండు మాటలు. విమానాల చక్రాలు రన్‌వే మీద లాక్ కాకుండా 1950లలో బ్రిటన్‌కు చెందిన డన్‌లప్ సంస్థ మాక్సారెట్ అనే యాంత్రిక పరికరాన్ని తయారుచేసింది. దాన్నే 1966లో జెన్సన్ ఎఫ్ఎఫ్ అనే కారుకు అమర్చారు. ఈనాటి ఎలక్ట్రానిక్ రూపంలో బాష్ తయారుచేసిన ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో మార్కెట్లోకి వచ్చింది. అంటే ఖరీదైన జర్మన్ కారు నుంచి మన వీధిలోని చిన్న కారు దాకా తప్పనిసరిగా చేరడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఇంత మంచి ఏర్పాటు వచ్చాక ప్రమాదాలు బాగా తగ్గి ఉండాలి కదా? ఇక్కడే అసలు చిక్కు ఉంది. 1980లలో మ్యూనిక్ నగరంలో ఒక టాక్సీ సంస్థ కార్లలో కొన్నింటికి ఏబీఎస్ ఉంచి, కొన్నింటికి లేకుండా పరిశీలించారు. రెండు రకాల కార్ల ప్రమాదాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పరిశీలకులు ప్రయాణికుల్లా ఎక్కి చూస్తే, ఏబీఎస్ ఉన్న కార్ల డ్రైవర్లు మలుపులు మరింత వడిగా తిప్పుతున్నారు, ముందు బండికి మరింత దగ్గరగా వెళ్తున్నారు. యంత్రం ఇచ్చిన భద్రతను మనిషి తెగువగా మార్చుకొని ఖర్చుచేశాడు. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ 2009లో ప్రచురించిన దీర్ఘకాలిక విశ్లేషణ ఇంకొంచెం ఆశాజనకంగా ఉంది: ఏబీఎస్ వల్ల కార్లు ప్రమాదాల్లో చిక్కుకోవడం మొత్తం మీద 6 శాతం తగ్గింది, కానీ ప్రాణాంతకమైన ప్రమాదాల మొత్తంలో దాదాపు మార్పు లేదు. పాదచారులను ఢీకొట్టడం, తడి రోడ్డు మీద ఇతర వాహనాలను ఢీకొట్టడం తగ్గితే, కారు రోడ్డు దిగి పోయి జరిగిన ప్రాణాంతక ప్రమాదాలు పెరిగాయి. స్టీరింగు పనిచేస్తూ ఉండటం వల్లనే, కంగారులో అతిగా తిప్పినవాళ్లు రోడ్డు దాటిపోయి ఉండవచ్చునన్నది దీనికి చెప్పే కారణాల్లో ఒకటి. ఆ లోటును తీర్చడానికి, ఏబీఎస్ పరికరాలనే వాడుకుంటూ, స్టీరింగు తిప్పిన దిశకూ కారు నిజంగా తిరుగుతున్న తీరుకూ తేడా వస్తే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి సరిదిద్దే స్టెబిలిటీ కంట్రోల్ వచ్చింది. కొత్త కారు కొనేటప్పుడు సన్‌రూఫ్‌కు డబ్బు పెట్టాలా, దీనికి పెట్టాలా అన్న సందేహం వస్తే నేను రెండోమాట లేకుండా దీనికే పెట్టమంటాను.

ఇక దూరం లెక్కకు వద్దాం. పొడి తారు రోడ్డు, మంచి టైర్లు, పట్టు ఎంతో చెప్పే అంకె, అంటే ఘర్షణ గుణకం, 0.7 అనుకుందాం. ప్రమాదాన్ని చూసి, కాలు బ్రేకు మీదికి వచ్చి, పెడల్ కిందికి పోయేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఆ ఒకటిన్నర సెకనులో 25 మీటర్లు పోతుంది, బ్రేకు పడ్డాక మరో 20 మీటర్లు పోయి, మొత్తం 45 మీటర్ల దగ్గర ఆగుతుంది. 80తో వెళ్తున్న కారుకు ఆలోచనలోనే 33 మీటర్లు, బ్రేకు మీద 36 మీటర్లు, మొత్తం 69 మీటర్లు కావాలి. 100తో అయితే 42, 56 కలిపి 98 మీటర్లు. అదే 100 కిలోమీటర్ల వేగంలో, తడిసి పట్టు 0.4కు పడిపోయిన రోడ్డు మీద, బ్రేకు దూరమే 98 మీటర్లకు చేరుతుంది.

ఈ అంకెల్లో ఎక్కువమంది గమనించని ఒక సంగతి ఉంది, దాని దగ్గర కాసేపు ఆగుతాను. రెండు కార్లు పక్కపక్కన వెళ్తున్నాయి, ఒకటి 60తో, మరొకటి 80తో. సరిగ్గా 45 మీటర్ల ముందు ఒక గేదె అడ్డం వచ్చింది. ఇద్దరు డ్రైవర్లూ ఒకే క్షణంలో చూశారు, ఒకేలా బ్రేకు తొక్కారు, ఇద్దరి కార్లలోనూ ఏబీఎస్ ఉంది, తప్పుకోవడానికి ఇద్దరికీ చోటు లేదు. 60తో వస్తున్న కారు గేదెకు ఆనుకొని ఆగిపోయింది. రెండో కారు ఆ చోటికి ఎంత వేగంతో చేరి ఉంటుంది? తేడా 20 కాబట్టి 20తో తగులుతుందని అనిపిస్తుంది. నిజానికి అది సుమారు 65 కిలోమీటర్ల వేగంతో ఢీకొడుతుంది. 33 మీటర్లు చూపులోనే పోయాయి, మిగిలిన 12 మీటర్లలో వేగం 80 నుంచి 65కు మాత్రమే దిగింది. వేగం వర్గంతో పాటు పెరిగే శక్తి లెక్క ఇది, ఏ కంట్రోల్ యూనిట్ దీన్ని మార్చలేదు.

కొన్ని రోడ్ల మీద ఏబీఎస్ వల్ల దూరం తగ్గకపోవడమే కాదు, పెరుగుతుంది. వదులుగా ఉన్న కంకర, మట్టి, ఇసుక మీద లాక్ అయిన చక్రం ముందు ఆ మట్టి కుప్పగా చేరి కారుకు అడ్డుపడుతుంది. తిరుగుతూ ఉన్న చక్రానికి ఆ సాయం దొరకదు. మన పల్లెల్లో కోతల కాలంలో రోడ్డు సగం మీద వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. గింజల మీద టైరుకు దొరికే పట్టు చాలా తక్కువ. పైగా ఎడమ చక్రాలు గింజల మీద, కుడి చక్రాలు తారు మీద ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే కారు పట్టున్న వైపుకు గుంజుతుంది. ఆ గుంజుడును ఏబీఎస్ కొంత అదుపు చేస్తుంది, స్టీరింగు గట్టిగా పట్టుకోవడం మాత్రం మన పనే. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు చక్రాల నుంచి రాలిన బురద, తొలకరి వానకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి తేలే జిగట పొర కూడా ఇలాంటివే. వీటికి మందు ముందుగా వేగం తగ్గించడమే.

ఘాట్ రోడ్ల సంగతి వేరు. అక్కడ చక్రం లాక్ కావడం కన్నా బ్రేకు వేడెక్కడం పెద్ద ప్రమాదం. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా ఇప్పుడు తిరుమల నుంచి దిగుతాము. ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,200 కిలోలున్న కారు ఆ ఎత్తంతా బ్రేకుల మీదనే దిగితే పుట్టే వేడి, అదే కారును 100 కిలోమీటర్ల వేగం నుంచి పదిహేడు, పద్దెనిమిది సార్లు వరుసగా నిలువునా ఆపినప్పుడు పుట్టే వేడితో సమానం. ప్యాడ్లు వేడెక్కినకొద్దీ పట్టు కోల్పోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ చేరిన ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలే. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరి, పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది. అందుకే రెండేళ్లకొకసారి బ్రేక్ ఆయిల్ మార్పించమంటారు, అందుకే ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగమని పెద్ద డ్రైవర్లు చెబుతారు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వేసి, మరికొందరు ఇంజను కూడా ఆపేసి దిగడం నేను చూస్తూనే ఉన్నాను. న్యూట్రల్ అంటే ఇంజను పట్టి ఉంచే సాయం పోయినట్టే. ఇంజను ఆపితే, మన తొక్కుడుకు బలం జోడించే బూస్టరులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు సార్లు తొక్కేసరికి అయిపోయి, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. నేటి కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనుకు ఇంధనం అందడం ఎలాగూ ఆగిపోతుంది, కాబట్టి ఆ పొదుపు కూడా ఉత్తిదే.

టైర్ల గురించి క్లుప్తంగా చెబుతాను. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే చట్టం ప్రకారం మార్చాలి. గాళ్ల అడుగున అడ్డంగా కనిపించే చిన్న గట్లు టైరు పైభాగంతో సమానమైతే ఆ హద్దు వచ్చినట్టు. వానాకాలం ముందు మాత్రం అంతదాకా ఆగవద్దు, నీటిని పక్కకు తోసేది ఆ గాళ్లే. టైరు పక్కన నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం.

వెనక వరుసలోని అమ్మగారు ఒక ప్రశ్న రాసి పంపారు: డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలిగి ఆరడం లేదు, కారు నడపవచ్చా అని. స్టార్ట్ చేసినప్పుడు అది వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి, అసలు వెలగకపోయినా అనుమానించవలసిందే. పసుపు రంగులో వెలుగుతూనే ఉంటే ఏబీఎస్ తప్పుకున్నదనీ, మామూలు బ్రేకు పనిచేస్తున్నదనీ అర్థం. గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అవుతాయని గుర్తుంచుకొని, నిదానంగా మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లవచ్చు. చాలాసార్లు కారణం చక్రం దగ్గర సెన్సరుకు పట్టిన బురదో, ఎలుక కొరికిన వైరో అయి ఉంటుంది. ఎర్ర లైటు సంగతి అది కాదు. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించిన తర్వాత కూడా అది వెలుగుతుంటే ఆయిల్ తగ్గి ఉండవచ్చు. ఎర్రదీ పసుపుదీ కలిసి వెలిగితే ముందు, వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు కూడా పోయి ఉండవచ్చు, అప్పుడు వెనక చక్రాలు ముందుగా లాక్ అయ్యే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు, అమ్మా, కారును పక్కకు ఆపి, మెకానిక్‌ను అక్కడికే పిలిపించండి.